ఆటిజం గురించి ఇంట్లోవాళ్లకు చెప్పే జంతువుల పుస్తకాలు: ఎవరికి ఏది పనికొస్తుంది

పిల్లవాడికి ఆటిజం అని రిపోర్టు చేతికొచ్చిన రోజు సాయంత్రమే ఇంట్లో మాటలు మొదలవుతాయి. ‘వాళ్ల నాన్నకీ నాలుగేళ్ల దాకా మాటలు రాలేదు, ఏం కాదులే’ అంటుంది నానమ్మ. ‘ఫోన్ ఎక్కువ అలవాటు చేశారు’ అంటాడు బాబాయి. ఏడేళ్ల చెల్లి మాత్రం ‘అన్నయ్య నాతో ఎందుకు ఆడడు?’ అని అడిగి ఊరుకుంటుంది. ముగ్గురి మనసులోనూ ఉన్నది ఒకే పిల్లవాడు. ప్రశ్నలే వేరు. జంతువుల బొమ్మలతో ఆటిజం గురించి చెప్పే పుస్తకాలు ఇలాంటి ఇళ్లలో బాగా ఉపయోగపడతాయి. కాకపోతే వాటిలో కనీసం ఐదు రకాలున్నాయి. నానమ్మకు కొనాల్సింది చెల్లికి కొన్నా, చెల్లికి చదవాల్సింది బాబాయికి ఇచ్చినా ఫలితం తిరగబడుతుంది.

ముందు జంతువే ఎందుకో చూద్దాం. పిలిస్తే పిల్లి రాదు. ఒళ్లోకి లాక్కుంటే జారిపోతుంది, తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చి పక్కన పడుకుంటుంది. దాన్ని ఎవరూ మొండిదనరు, పెంపకం బాగాలేదని దాని తల్లిని తప్పుపట్టరు. అది దాని తీరు అనుకుని సర్దుకుపోతారు. అదే పని మనవడు చేస్తే మాత్రం ‘గారాబం’, ‘పెంకితనం’ అనే మాటలు వచ్చేస్తాయి. పెంపకం వల్ల ఆటిజం రాదు. అది పుట్టుకతో వచ్చే నాడీ వికాసంలోని తేడా. ఈ మాట డాక్టరు చెప్తే వాదించే పెద్దలు, బొమ్మలో పిల్లిని చూసినప్పుడు ఒక్క క్షణం ఆగుతారు. పుస్తకం చేసే పని ఆ క్షణం వరకే. ఆ తర్వాత మాట్లాడాల్సింది మీరు.

ఇక రకాలు. మొదటిది, ఫోటోల పోలిక పుస్తకం. పేజీకి ఒక జంతువు ఫోటో, కింద ఆటిజం ఉన్న పిల్లల లక్షణాన్ని చెప్పే ఒకటి రెండు వాక్యాలు. వీటిలో బాగా పేరున్నది ఆస్ట్రేలియా రచయిత్రి కాథీ హూప్‌మన్ పిల్లుల పుస్తకం. 2006లో ‘ఆల్ క్యాట్స్ హ్యావ్ ఆస్పర్జర్ సిండ్రోమ్’ పేరుతో వచ్చింది, 2020లో ‘ఆల్ క్యాట్స్ ఆర్ ఆన్ ది ఆటిజం స్పెక్ట్రమ్’ అనే పేరుతో కొత్త ముద్రణ వచ్చింది. రెండింటిలో కొత్తదే కొనండి. అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 వర్గీకరణ 2013లోనే ఆటిజంలో ఒక రకానికి వాడే ఆస్పర్జర్ అనే విడి పేరు తీసేసి, అంతా ఆటిజం స్పెక్ట్రమ్ కిందికి తెచ్చింది. పైగా ఆ పేరుకు మూలమైన ఆస్ట్రియా వైద్యుడు హాన్స్ ఆస్పర్జర్‌కు నాజీల పిల్లల హత్యా కార్యక్రమంతో ఉన్న సంబంధాన్ని 2018లో చరిత్రకారుడు హెర్విగ్ చెక్ పత్రాలతో సహా బయటపెట్టారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుందని పాతది తెస్తే, మీ రిపోర్టులో ఒక పేరు, పుస్తకం అట్ట మీద ఇంకో పేరు ఉంటాయి. ‘మనవాడికి ఉన్నది ఇది కాదుగా’ అనే కొత్త అనుమానం ఇంట్లో మొదలవుతుంది.

ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. అదే రచయిత్రి కుక్కల పుస్తకం (2008) ఏడీహెచ్‌డీ (నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం) గురించి, పక్షుల పుస్తకం (2017) ఆందోళన గురించి. పిల్లాడికి కుక్కలంటే ఇష్టమని కుక్కల పుస్తకం కొంటే విషయమే మారిపోతుంది. కొంతమంది పిల్లలకు ఆటిజంతో పాటు ఏడీహెచ్‌డీ కూడా ఉంటుంది. అప్పుడు రెండూ పనికొస్తాయి, కానీ ఒకే వారంలో రెండూ చదివించకండి.

ఈ రకం పుస్తకం బలం వేగం. పావుగంటలో అయిపోతుంది. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు కూడా ఫోటో చూపించి తెలుగులో చెప్పేయవచ్చు. బలహీనత కూడా అక్కడే ఉంది. ముద్దొచ్చే ఫోటోల మధ్య కష్టం కనబడదు. పిల్లుల పోలిక ప్రధానంగా మాటలు వచ్చి, తనకు నచ్చిన విషయం గురించి గంటలు చెప్పగల పిల్లలకు సరిపోతుంది. అసలు మాటలు రాని, స్నానానికీ తిండికీ సాయం కావాల్సిన, తల గోడకేసి కొట్టుకునే పిల్లలున్న ఇంట్లో ఈ పుస్తకం చదివితే ‘ఇంతేనా, మావాడు ఇలా లేడే’ అని తల్లికి ఇంకా ఒంటరితనం కలుగుతుంది. అలాంటి ఇంటికి దీన్ని బహుమతిగా ఇవ్వకపోవడమే మంచిది. ఆ ఇంటికి ఐదో రకమే, అంటే ఇంట్లో చేసుకునేదే సరైనది.

రెండోది, జంతు పాత్రల కథ. అడవిలో ఒక కుందేలుకో ఏనుగు పిల్లకో చప్పుళ్లంటే భయం, ఆటలంటే అయోమయం. చివరికి స్నేహితులు దొరుకుతారు. అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, బడిలో తోటిపిల్లలకు ఇది బాగా ఎక్కుతుంది. కొనేముందు చివరి రెండు పేజీలు చదవండి. ఈ కథల్లో చాలావాటికి ఒకే లోపం ఉంటుంది: అందరూ వెక్కిరించిన జంతువు తన ప్రత్యేక శక్తితో అడవిని మంటల నుంచో వేటగాడి నుంచో కాపాడుతుంది, అప్పుడు అందరూ దాన్ని కలుపుకుంటారు. ఏదో ఒక గొప్ప పని చేస్తేనే అన్నయ్యను ఇష్టపడాలన్నమాట, అని చెల్లెలికి అర్థమవుతుంది. చివర్లో ఆ జంతువు ‘మామూలుగా’ మారిపోయే కథ ఇంకా చెడ్డది. మంచి కథలో చుట్టూ ఉన్నవాళ్లు మారతారు: ఆట నియమం ముందే బొమ్మ గీసి చెప్తారు, డప్పు దూరంగా వాయిస్తారు, పిలిచి కాసేపు ఆగుతారు. ఇలాంటి మూడు సర్దుబాట్లయినా కథలో కనిపిస్తేనే తీసుకోండి.

మూడోది, ఒక బిడ్డకూ ఒక పెంపుడు జంతువుకూ మధ్య నిజంగా జరిగిన కథ. తల్లిదండ్రులు రాసిన ఇలాంటి పెద్ద పుస్తకాలు ఇంగ్లీషులో చాలా ఉన్నాయి. 2007లో వచ్చిన ‘ఎ ఫ్రెండ్ లైక్ హెన్రీ’ ఒక స్కాట్లాండ్ కుటుంబానిది. అందులో గోల్డెన్ రిట్రీవర్ కుక్క ఆ అబ్బాయి జీవితంలోకి వచ్చిన తీరు ఉంటుంది. తల్లిదండ్రులకు ధైర్యమిచ్చే పుస్తకాలివి. చదివిన ఊపులో చేసే తప్పు అందరికీ తెలిసిందే: వారం తిరక్కుండా కుక్కపిల్లను తెచ్చేస్తారు. మొరుగుడు, నాకడం, తడి వాసన, ఎప్పుడు మీద పడుతుందో తెలియకపోవడం, ఇవన్నీ శబ్దానికీ స్పర్శకూ తట్టుకోలేని పిల్లవాడికి రోజంతా యాతన. ముందు తెలిసినవాళ్ల కుక్క దగ్గరికి వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున, నాలుగైదు వారాలు తీసుకెళ్లి చూడండి. పిల్లవాడు తనంతట తాను దగ్గరికి వెళ్తున్నాడా, చెవులు మూసుకుంటున్నాడా అన్నదే కొలత. ఒక ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరుగుతుందన్న హామీ ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

నాలుగోది పెద్దవాళ్లది, అందులోనూ ‘లోపల ఏం జరుగుతోంది?’ అని అడిగే తండ్రులూ బాబాయిలూ మేనమామలూ చదవాల్సింది. అమెరికాలో 1947లో పుట్టిన టెంపుల్ గ్రాండిన్ స్వయంగా ఆటిజం ఉన్న మనిషి, పశువుల ప్రవర్తన మీద పనిచేసే శాస్త్రవేత్త, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1995లో ‘థింకింగ్ ఇన్ పిక్చర్స్’, 2005లో కేథరిన్ జాన్సన్‌తో కలిసి ‘యానిమల్స్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ రాశారు. పశువులు నడిచే దారిలో అవి ఎందుకు ఆగిపోతున్నాయో తెలుసుకోవడానికి ఆమె తానే ఆ దారిలోకి దిగి చూశారు. వేలాడుతూ ఊగే గొలుసు, నీటి మడుగులో మెరుపు, కంచె మీద వేసిన పసుపు రంగు కోటు, ఇలాంటి చిన్న వివరాలు పశువును ఆపేస్తాయి. మనుషుల కంటికి అవి ఆనవు. ఇది చదివిన తండ్రికి, తన కొడుకు పెళ్లి హాలు గుమ్మం దగ్గర ఎందుకు మొరాయిస్తాడో కొత్తగా తడుతుంది. గుమ్మంలో మిణుకుమనే సీరియల్ బల్బులున్నాయేమో, లోపల స్పీకర్ బరబరమంటోందేమో వెతకడం మొదలుపెడతాడు. పశువులను కదలకుండా పట్టి ఉంచే చట్రం లోపల అవి కుదుటపడటం చూసి, ఆమె 18 ఏళ్ల వయసులో తన కోసం ఒక ఒత్తిడి యంత్రం తయారు చేసుకున్నారు. గట్టిగా దుప్పటి చుట్టుకుంటే కొందరు పిల్లలు ఎందుకు శాంతిస్తారో ఆ భాగం బాగా చెబుతుంది.

ఈ పుస్తకాలతో రెండు జాగ్రత్తలు. ‘థింకింగ్ ఇన్ పిక్చర్స్’ చదివితే ఆటిజం ఉన్న అందరూ బొమ్మల్లోనే ఆలోచిస్తారని అనిపిస్తుంది. గ్రాండిన్ తర్వాత ఆ అభిప్రాయం మార్చుకుని, మాటల్లో ఆలోచించేవాళ్లు, నమూనాల్లో ఆలోచించేవాళ్లు కూడా ఉన్నారని రాశారు. జంతువుల మెదడుకూ ఆటిజం ఉన్నవారి ప్రతిభకూ ఆమె చూపిన పోలికను కొందరు జంతు శాస్త్రవేత్తలు 2008లో ఒక పరిశోధన పత్రికలోనే కాదన్నారు. అందుకని పుస్తకాన్ని ఒక మనిషి అనుభవంగా చదవండి. మీ బిడ్డ మెదడు పటంగా చదవొద్దు.

ఐదోది మీరే ఇంట్లో చేసేది. దాని గురించి చివర్లో వివరంగా చెప్తాం. అంతకంటే ముందు తెలుగిళ్లలో మాత్రమే వచ్చే ఒక చిక్కు గురించి చెప్పాలి. బయటి పుస్తకాలు దీన్ని అసలు పట్టించుకోవు.

మన భాషలో జంతువుకు అప్పటికే ఒక అర్థం అతుక్కుని ఉంటుంది. పిల్లి ఎదురొస్తే అపశకునం అనుకునే నానమ్మకు ‘మనవాడు పిల్లిలాంటివాడు’ అని చెప్తే ఆమె మనసు చివుక్కుమంటుంది. కుక్క, గాడిద, కోతి నేరుగా తిట్లు. పిలిస్తే పలకని పిల్లవాడి విషయంలో ‘దున్నపోతు మీద వాన కురిసినట్టు’ అన్న సామెత ఎవరి నోటనైనా రావచ్చు, కాబట్టి గేదె బొమ్మ జోలికే వెళ్లొద్దు. గుడ్లగూబకు రాత్రి చూపు, చెవుల చురుకుదనం ఎంత బాగా కుదిరినా మన గడపలో దానికి మంచి పేరు లేదు. పంచతంత్రం జంతువులదీ ఇదే కథ. నక్క అనగానే జిత్తులు, గాడిద అనగానే తెలివితక్కువతనం. స్వభావం ముందే తీర్పుగా మారిపోయిన జంతువులవి. తీర్పు చెప్పడం మానిపించడానికి వాటిని వాడలేం.

మనకు బాగా పనికొచ్చేవి నాలుగున్నాయి. ఏనుగు మొదటిది. వినాయకుడి రూపం కాబట్టి ఏ ఇంట్లోనూ అభ్యంతరం ఉండదు, పైగా మనుషులకు వినబడని మంద్ర ధ్వనులను ఏనుగులు వింటాయన్నది నిజం. కుక్కర్ విజిల్, మిక్సీ, చవితి ఊరేగింపు డీజే, దీపావళి టపాసులు పిల్లవాడిని ఎందుకంత బాధిస్తాయో చెప్పడానికి దీన్ని మించిన పోలిక లేదు. ఒక్కటి మాత్రం చేయొద్దు: గుడి ఏనుగు ఊగడాన్ని పిల్లవాడి ఊగడంతో పోల్చొద్దు. గొలుసుకు కట్టిన ఏనుగు ఊగేది కట్టడి వల్ల కలిగే ఒత్తిడితో. పిల్లవాడు సంతోషంతోనో, తనను తాను కుదుటపరచుకోవడానికో కూడా ఊగుతాడు.

చీమలు రెండోది. బారుగా పోయే చీమల దారికి అడ్డంగా వేలితో రుద్దితే అవి చెల్లాచెదురై అటూ ఇటూ తిరగడం మన పిల్లలందరూ చేసి చూసిన పనే. వాసన గీత చెరిగిపోతుంది, దారి తప్పుతుంది. స్కూలు ఆటో రోజూ వెళ్లే సందు కాకుండా ఇంకో సందులోంచి వెళ్తే అన్నయ్య ఎందుకు ఏడుస్తాడో చెల్లెలికి దీనితో ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

తాబేలు మూడోది. తల లోపలికి లాక్కున్న తాబేలును కొడితే బయటికి రాదు, వదిలేస్తే వస్తుంది. అలసిపోయి మూలకు వెళ్లిన పిల్లవాడి దగ్గర ఏం చేయాలో, అంటే ఏమీ చేయకుండా దగ్గర్లో ఉండటం, పెద్దలకు చెప్పడానికి ఇది చాలా బాగుంటుంది. అయితే తాబేలు అనగానే కుందేలుతో పందెం గుర్తొస్తుంది. ‘నిదానంగా వెళ్లి గెలుస్తాడులే’ అని తాతయ్య తీర్మానించేసి థెరపీ అక్కర్లేదనుకునే ప్రమాదం ఉంది. అందుకే ‘పందెం గురించి కాదు, డొప్ప గురించి’ అని మొదటే చెప్పేయండి.

నాలుగోది చిలుక. దీని విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. విన్న మాటనే తిరిగి అనే పిల్లల్ని చూసి ‘చిలక పలుకులు’ అనేస్తాం. ఆ మాటకు తెలుగులో అర్థం తెలియకుండా వల్లించడం అనే భావం ఉంది. దాహమేసిన పిల్లవాడు ‘నీళ్లు తాగుతావా నాన్నా?’ అని మిమ్మల్ని అడిగితే అతను వల్లించడం లేదు, రోజూ మీరు అడిగే వాక్యంతోనే నీళ్లు అడుగుతున్నాడు. చిలుక పేజీ పెడితే ఈ ఉదాహరణ కూడా పక్కనే రాయండి, లేదంటే చిలుకను వదిలేయండి.

ఎవరికి ఏది అన్న విషయంలో మా అభిప్రాయం ఇది. నానమ్మకు, అమ్మమ్మకు, తాతయ్యకు కొన్న పుస్తకం కన్నా ఇంట్లో చేసిందే మేలు, అందులోనూ ఏనుగు, తాబేలు పేజీలు. ఫోటోల పుస్తకం ఇంగ్లీషు చదివే పిన్నికి, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న అన్నదమ్ముల కుటుంబానికి, అక్కడి పిల్లలకు బాగుంటుంది. సెలవులకు ఇండియా వచ్చే ముందే వాళ్లను చదవమనండి. నాలుగు నుంచి తొమ్మిదేళ్ల మధ్య తోబుట్టువులకు జంతు పాత్రల కథ. పది దాటిన అక్కకో అన్నకో జంతువు అక్కర్లేదు, చిన్నపిల్లల్లా చూస్తున్నారని నొచ్చుకుంటారు. నేరుగా చెప్పండి, గ్రాండిన్ పుస్తకంలోని పశువుల దారి భాగం చదివి వినిపించండి. తెలుగులో చదవగల కథ కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో వెతకండి. 2015 నుంచి నడుస్తున్న ఆ వేదికలో కథలు ఉచితం, తెలుగువి కూడా ఉన్నాయి, అనువదించుకోవడానికి, ప్రింటు తీసుకోవడానికి అనుమతి ఉంది. ఆటిజం పేరు లేని జంతు కథనైనా తీసుకుని పైన చెప్పిన మూడు సర్దుబాట్ల పరీక్ష పెట్టవచ్చు.

ఆటిజం ఉన్న బిడ్డకే ఈ పుస్తకం చదివి వినిపించాలా? తొందరపడొద్దు. చాలామంది ఈ పిల్లలు మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటారు. ‘నువ్వు పిల్లిలాంటివాడివి’ అంటే ‘నాకు తోక లేదు’ అని కలతపడవచ్చు, లేదా నాలుగు రోజులు గిన్నెలోంచే పాలు తాగవచ్చు. పోలిక కన్నా ‘నీకు కుక్కర్ శబ్దం నొప్పిగా ఉంటుంది. చెల్లికి ఉండదు. ఇద్దరి చెవులూ వేరు’ అనే సూటి వాక్యాలే మంచివి. పెద్దయ్యాక తనంతట తాను ఆ పుస్తకం తీసి నవ్వుకుంటే అది వేరే సంగతి.

చదివే పద్ధతి గురించి కొంచెం. గొడవ జరిగిన రోజు చదవొద్దు. ఆ రోజు ప్రతి పేజీ ఆ గొడవకు తీర్పులా వినిపిస్తుంది. ఆ బిడ్డ నిద్రపోయాకో థెరపీకి వెళ్లినప్పుడో కూర్చోండి. తన గురించి గుసగుసలాడుతున్నారని మాటలు రాని పిల్లలకు కూడా తెలుస్తుంది. ఒక్కసారికి ఐదారు పేజీలు చాలు. ప్రతి పేజీ దగ్గర ఒకటే అడగండి: ‘ఇది మనవాడికి ఉందా, లేదా?’ లేదన్నవి పక్కన పెట్టండి. పుస్తకంలోని సగం లక్షణాలు మీ బిడ్డకు లేకపోవడం మామూలే. చివర్లో ‘మరి మనం ఏం చేద్దాం?’ అని ఒక పనికి ఒప్పందం కుదుర్చుకోండి. అమ్మమ్మ మిక్సీ వేసేముందు ‘మిక్సీ వేస్తున్నా’ అని చెప్పడం లాంటిది. చదివిన వారంలో ఆ ఒక్కటి జరిగితే పుస్తకం పనిచేసినట్టే.

జంతువు పేరు ఇంట్లో ముద్దుపేరుగా మారకుండా చూసుకోండి. ‘మా పిల్లిగాడు’ అని ముద్దుగా మొదలైంది మేనత్త పిల్లల నోట్లో వెక్కిరింతగా బడిదాకా వెళ్తుంది. పేజీ మూసేశాక పిల్లవాడిని పేరుతోనే పిలవాలన్న నియమం మొదటి రోజే పెట్టండి. ఇంకొకటి: చదివిన బంధువు మరో బిడ్డను చూసి ‘వీడూ అంతే, ఆటిజమే’ అంటే అక్కడే ఆపండి. బొమ్మల పుస్తకం పరీక్ష కాదు. అనుమానం ఉన్నవారిని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకో, పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించే జిల్లాలోని డీఈఐసీ కేంద్రానికో పంపండి. మన దేశంలో ఆటిజం సర్టిఫికెట్ కోసం వాడే ఐఎస్ఏఏ కొలమానంలో 40 అంశాలుంటాయి, వాటిని శిక్షణ పొందినవాళ్లే చూసి మార్కులు వేయాలి.

ఇక ఇంట్లో చేసే పుస్తకం. పది పన్నెండు పేజీలు, ఏ5 సైజు, అంటే ఏ4 కాగితంలో సగం. ఎడమ పేజీలో జంతువు, కుడి పేజీలో మీ బిడ్డ ఫోటో. పేజీకి ఒకే వాక్యం, అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకుండా, ఎందుకంటే చదివేది తాతయ్య. ‘తాబేలు అలసిపోతే డొప్పలోకి వెళ్తుంది’ అని ఎడమవైపు, ‘చింటూ అలసిపోతే బీరువా పక్కన కూర్చుంటాడు’ అని కుడివైపు. అమెరికాలో కేరల్ గ్రే 1990ల మొదట్లో రూపొందించిన, ఒక సందర్భాన్ని చిన్న వాక్యాల్లో పిల్లలకు వివరించే సోషల్ స్టోరీల పద్ధతిలో ఒక మంచి కట్టుబాటు ఉంది: ఇలా చేయండి అని చెప్పే వాక్యం ఒకటుంటే, జరిగేదాన్ని వివరించే వాక్యాలు కనీసం రెండుండాలి. ఆ లెక్కన పన్నెండు వాక్యాల్లో నాలుగుకు మించి సలహాలు ఉండకూడదు. మొదటిసారి రాసినప్పుడు దాదాపు అన్నీ ‘అరవొద్దు’, ‘ముట్టుకోవద్దు’లే అవుతాయి. వాటిని తీసేసి, అప్పుడు ఏం జరుగుతుందో రాయండి.

ఫోటోల్లో ఏడుస్తున్నవి, నేల మీద పడి కొట్టుకుంటున్నవి వాడొద్దు. ఇంట్లో నలుగురి చేతుల్లో తిరిగే పుస్తకం అది, ఆ బిడ్డ పెద్దయ్యాక చూసుకుంటాడు. మాటలు రాని పిల్లవాడైతే కనీసం రెండు పేజీలు అతను ఎలా చెబుతాడో చూపించాలి: చేయి పట్టి ఫ్రిజ్ దగ్గరికి లాగడం, చెప్పులు తెచ్చి ఇవ్వడం, బొమ్మ కార్డు చూపించడం. బంధువులకు అన్నిటికన్నా పనికొచ్చే పేజీలవే. సాయం ఎక్కువ కావాల్సిన పిల్లలకు ఇంకో పేజీ కలపండి, దానికి జంతువు వద్దు: తల కొట్టుకుంటే ఎవరిని పిలవాలి, తల కింద ఏ దిండు పెట్టాలి, ఏ మందు వాడుతున్నాడు.

జిరాక్స్ షాపులో కలర్ ప్రింటు తీసి మ్యాట్ ల్యామినేషన్ చేయించండి. మెరిసే ల్యామినేషన్ మీద ట్యూబ్‌లైట్ పడి పెద్దవాళ్లకు అక్షరాలు కనబడవు, కొందరు పిల్లలు ఆ మెరుపునే తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోతారు. పుస్తకంలా కుట్టించకుండా మూలకు రింగు వేయించండి. ఆరు నెలల్లో పిల్లవాడు మారతాడు. కుక్కర్‌కు భయపడటం మానేస్తాడు, కొత్తగా చెప్పుల విషయంలో పట్టుదల మొదలవుతుంది. ఏనుగు పేజీ తీసేసి కొత్తది గుచ్చడానికి రింగు ఉంటేనే వీలు. మూడు కాపీలు వేయించండి: ఒకటి ఇంట్లో, ఒకటి అమ్మమ్మగారింట్లో, ఒకటి బడి బ్యాగులో టీచరు కోసం. పేజీ మార్చినప్పుడు మూడు కాపీల్లోనూ మార్చాలి. మార్చిన తేదీ అట్ట లోపల పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటే ఏ కాపీ పాతబడిందో వెంటనే తెలుస్తుంది.